కీళ్ల గుజ్జును కత్తిరిస్తున్నదెవరు?

అందరికీ నమస్కారమండి.

మోకాలికి ఎక్స్‌రే తీయించుకుని బయటికొచ్చిన మన పెద్దవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది. "గుజ్జు అరిగిపోయిందంట నాయనా, ఇంకేం చేస్తాం." ఇక ఆ రోజు నుంచి నడక మానేస్తారు. మెట్లెక్కరు. గుడికి కూడా వెళ్లరు. మిగిలిన కాస్త గుజ్జయినా దాచుకుందామని మంచానికి అంటిపెట్టుకుపోతారు. కొన్నాళ్లు తిరిగేసరికి తొడ కండ కరిగిపోతుంది, ఒళ్లు పెరుగుతుంది, నొప్పి మొదట్లో కంటే ఎక్కువవుతుంది.

నేను కాలేజీలో జీవశాస్త్రం చెప్తాను, డాక్టర్ని కాను. కానీ ఈ ఒక్క నమ్మకం మా పాలకొల్లు చుట్టుపక్కల ఎంతమందిని ఇంట్లో కూర్చోబెట్టేస్తోందో చూస్తున్నాను కాబట్టి ఈ వీడియో చేస్తున్నాను. కీలులో గుజ్జు అంటే ఒట్టి రాపిడికి అరిగిపోయే వస్తువు కాదండి. అందులో బతికున్న కణాలున్నాయి. గుజ్జును తయారుచేసేవీ కణాలే, కత్తిరించేవీ కణాలే. వయసు మీదపడ్డాక వచ్చే మోకాళ్ల నొప్పుల్లో, అంటే ఆస్టియో ఆర్థరైటిస్‌లో, కత్తిరించే పని చాలావరకు గుజ్జులోని సొంత కణాలే చేస్తాయి. కీళ్లవాతంలో, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో, ఆ దాడి పక్కనున్న పొర నుంచి వస్తుంది. ఈ తేడా తెలియకపోతే ఒక జబ్బుకి వాడాల్సిన మందు వాడకుండా, ఇంకో జబ్బుకి అక్కర్లేని మందులు మింగుతూ ఏళ్లు గడిచిపోతాయి. మన దగ్గర జరుగుతున్నది అదే.

ముందు గుజ్జంటే ఏంటో కళ్లతో చూద్దాం. ఇది మటన్ కొట్లో అడిగి తెచ్చిన మేక మోకాలి కీలు. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, చూడండి. ఎముక చివర తెల్లగా, లేత నీలం మెరుపుతో కనిపిస్తోంది కదా, అదే గుజ్జు. మృదులాస్థి అని స్కూల్లో చదువుకున్నాం. వేలు పెడితే జారిపోతోంది. గోటితో నొక్కితే కాస్త దిగి, వేలు తీయగానే మళ్లీ పైకొస్తోంది. ఇప్పుడు కొత్త బ్లేడుతో పైనుంచి పలుచగా ఒక ముక్క చెక్కుతున్నాను. ఈ పొరలో ఎక్కడా ఎరుపన్నది లేదు. ఇంకాస్త లోతుకి వెళ్లి ఎముక తగిలాక గానీ ఎర్రటి తడి కనిపించలేదు. మేక బతికున్నప్పుడైనా ఇంతే. ఈ పొరలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. మన మోకాల్లో ఇది చాలాచోట్ల రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది.

ఈ పొర బరువులో 65 నుంచి 80 శాతం దాకా నీళ్లే. నీళ్లతో నిండిన పలుచని పొర ఇంత మనిషి బరువును ఎలా మోస్తోంది? మనవాళ్లు నారుమడి కోసం వడ్లు నానబెట్టడం గుర్తు తెచ్చుకోండి. విత్తనాలు గోనెసంచిలో పోసి, మూతి కట్టి కాలవలో దింపుతారు. మర్నాటికి గింజలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, సంచి బిగుసుకుపోతుంది. గింజ ఇంకా ఉబ్బాలని చూస్తుంది, సంచి ఉబ్బనివ్వదు. చేత్తో కొడితే గట్టిగా తగిలేది ఆ బిగువే. గుజ్జులో గింజల పని చేసేది అగ్రికాన్ అనే పెద్ద అణువు. దానికి కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులు వంద దాకా ఉంటాయి. వాటి నిండా ఋణావేశాలు. అవి సోడియంను, సోడియం వెంట నీళ్లను లోపలికి లాగుతాయి. సంచి పని చేసేది కొలాజన్, అందులోనూ రెండో రకం కొలాజన్. పై అంచులో దాని పోగులు ఉపరితలం వెంబడి పడుకుని ఉంటాయి, లోతుకి వెళ్లేకొద్దీ నిలువుగా నిలబడి కింద ఎముకలోకి నాటుకుని ఉంటాయి.

అడుగు వేసినప్పుడు గుజ్జులోంచి కొన్ని నీళ్లు బయటికి పోతాయి, అడుగు ఎత్తగానే తిరిగొస్తాయి. రక్తం రాని ఈ పొరకి ఆహారం అందేది ఎక్కువగా కీలు లోపలి ద్రవం నుంచే. ఆ రాకపోకలకి కదలిక తోడ్పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కాలుని కట్టుకట్టి నెలల తరబడి కదపకుండా ఉంచినా గుజ్జు పలుచబడుతుంది. కదిలితే అరుగుతుందనుకుని కదలిక మానేసేవాళ్లు ఈ ఒక్క ముక్క పట్టించుకుంటే చాలు, వీడియో ఇక్కడితో ఆపేసినా నాకేం బాధ లేదు.

ఈ సంచినీ గింజల్నీ తయారుచేసే కణాల పేరు కాండ్రోసైట్లు. గుజ్జు మొత్తంలో అవి రెండు శాతం అటూ ఇటూ. ఆక్సిజన్ అంతంతమాత్రంగా అందే చోట, ఒక్కోటీ తన చిన్న గదిలో విడివిడిగా బతుకుతాయి. పాతబడిన అగ్రికాన్‌ను తీసేసి కొత్తది నింపడం వాటి పని. అది నెమ్మదిగానైనా జరుగుతూనే ఉంటుంది. కొలాజన్ సంగతి వేరు. ఇది నిరూపించిన పద్ధతి నాకు భలే ఇష్టం, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

1950ల్లో, 60ల మొదట్లో అగ్రరాజ్యాలు బహిరంగంగా అణుబాంబులు పేల్చి పరీక్షించాయి. దాంతో గాలిలో కార్బన్-14 అనే అరుదైన రకం కార్బన్ పాళ్లు బాగా పెరిగాయి. అలాంటి పరీక్షలు ఆపుదామన్న 1963 ఒప్పందం తర్వాత అవి తగ్గుతూ వచ్చాయి. ఆ కార్బన్ పైరులోకి, పైరు నుంచి తిండిలోకి, తిండి నుంచి మన ఒంట్లోకి చేరింది. అంచేత ఒంట్లో ఏ భాగం ఏ కాలంలో కట్టుకున్నదో అందులోని కార్బన్-14ను కొలిచి చెప్పొచ్చు. డెన్మార్క్ పరిశోధకులు మనుషుల మోకాలి గుజ్జులో ఇది కొలిచి 2016లో ఫలితం ప్రచురించారు. పెద్దవాళ్ల గుజ్జులో ఉన్న కొలాజన్ వాళ్లు ఎదిగే వయసులో కట్టుకున్నదే. ఆ తర్వాత కొత్తగా చేరింది దాదాపు ఏమీ లేదు. జబ్బు చేసిన మోకాల్లోనూ అంతే. అంటే డెబ్బై ఏళ్ల మామ్మగారి మోకాల్లో ఉన్న సంచి, ఆవిడ పరికిణీ కట్టుకుని బడికెళ్లిన రోజుల నాటిదన్నమాట. గింజలు కొంతపోతే మళ్లీ పోసుకోవచ్చు. సంచి చిరిగితే పెద్దవాళ్లలో దాన్ని మళ్లీ నేసేవాళ్లు లేరు. ఈ జబ్బుల్లో ఆలస్యం ఎందుకు పనికిరాదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇక కత్తిరించేవాళ్ల దగ్గరికొద్దాం. అగ్రికాన్‌ను కోసే ఎంజైములు రెండిటిని 1999లో పట్టుకున్నారు. వాటి పేర్లు అడామ్‌ట్స్-4, అడామ్‌ట్స్-5. అగ్రికాన్ అణువుని దాని మొదలు దగ్గర కోసేస్తాయి. మొదలు తెగితే నీళ్లు పట్టుకునే గొలుసులన్నీ ఊడిపోయి కీలు ద్రవంలో కలిసిపోతాయి. 2005లో రెండు పరిశోధక బృందాలు అడామ్‌ట్స్-5 పనిచేయని ఎలుకల్ని తీసుకుని చూశాయి. ఒక బృందం మోకాలిని దెబ్బతీసి, ఇంకో బృందం కీలులో వాపు పుట్టించి పరీక్షించాయి. రెండు చోట్లా ఆ ఎలుకల గుజ్జు మామూలు ఎలుకల గుజ్జు కంటే బాగా నిలబడింది. గుజ్జు ఒట్టి రాపిడికి అరిగేదే అయితే ఒక్క ఎంజైము లేనంత మాత్రాన ఎందుకు నిలబడుతుంది?

కొలాజన్‌ను కోసేవాటిలో ముఖ్యమైనది ఎంఎంపీ-13. కొలాజన్ మూడు పోగులు కలిపి పేనిన గట్టి తాడు, మామూలు ఎంజైములకి లొంగదు. ఎంఎంపీ-13 మాత్రం ఆ పేనిన తాడులో ఒకే ఒక చోట, మూడు వంతులు ఒకపక్క, ఒక వంతు ఇంకోపక్క ఉండేలా తెంచుతుంది. తెగిన ముక్కలు మన ఒంటి వేడికే విడిపోతాయి. ఆ తర్వాత మిగతా ఎంజైములు వాటిని సులువుగా నమిలేస్తాయి. మొదట గింజలు కారిపోతాయి, తర్వాత సంచి తెగుతుంది. సంచి తెగేలోపు ఆగితే కొంత కోలుకోవచ్చు, తెగాక కష్టం.

ఇంతకీ కాపాడాల్సిన కణమే కత్తిరించడం ఎందుకు మొదలుపెడుతుంది? ఎదిగే పిల్లల్లో ఎముకల చివర్లలోని గుజ్జు క్రమంగా ఎముకగా మారుతుంది, అందుకే కాళ్లూ చేతులూ పొడుగు సాగుతాయి. ఆ మార్పులో కణాలు ఉబ్బుతాయి, పదో రకం కొలాజన్ తయారుచేస్తాయి, ఎంఎంపీ-13ను వదిలి చుట్టూ ఉన్న గుజ్జును కరిగిస్తాయి. కీలు మీది గుజ్జులో ఈ పని జరగకూడదు. ఆస్టియో ఆర్థరైటిస్‌లో ఆ పాత ఎదుగుదల పద్ధతిని కొన్ని కణాలు మళ్లీ తిరగతోడతాయి. మోతాదు మించిన బరువు, పాత దెబ్బ, వయసు, వంశం, ఇవన్నీ వాటిని అటు నెడతాయి. ఒకసారి కోత మొదలైతే తెగిన ముక్కలే ప్రమాద సంకేతాలవుతాయి. ఒంట్లోకి క్రిమి చొరబడితే గుర్తుపట్టే గ్రాహకాలే ఈ ముక్కల్నీ పసిగట్టి వాపు పుట్టిస్తాయి. వాపు మరింత ఎంజైముని పిలుస్తుంది. అలా ఏళ్ల తరబడి, చప్పుడు లేకుండా సాగుతుంది.

మరి బరువు పాత్ర ఏమీ లేదా అంటే, ఉంది. చాలా ఉంది. నడిచేటప్పుడే మోకాలి మీద ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు పడుతుంది. గొంతుక్కూర్చుని లేస్తే ఇంకా ఎక్కువ. మన డెల్టాలో ఆడవాళ్ల పని చూడండి. ఊడుపులప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బురదలో వంగి వెనక్కి నడవడం. బురదలోంచి అడుగు పీకిన ప్రతిసారీ మోకాలు కాస్త మెలి తిరుగుతుంది. ఇంటికొస్తే కత్తిపీట ముందు కూర్చోవడం, గిన్నెలు తోమడం, బట్టలు ఉతకడం, అన్నీ నేల మీదే. బీజింగ్‌లో 60 దాటిన ఆడవాళ్లని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ ఆడవాళ్లతో పోల్చిన అధ్యయనం 2001లో వచ్చింది. బీజింగ్ ఆడవాళ్లు సన్నగా ఉన్నా మోకాళ్ల జబ్బు వాళ్లలోనే ఎక్కువ కనిపించింది. ఎందుకని తర్వాత ఆరా తీస్తే, వయసులో ఉన్నప్పుడు రోజూ గంటల తరబడి గొంతుక్కూర్చునే అలవాటుకి మోకాలి జబ్బుతో సంబంధం ఉందని తేలింది. మన ఆడవాళ్ల పని గురించి ఇలాంటి శ్రద్ధ ఎవరైనా పెట్టాలని నాకు గట్టిగా ఉంది.

ఒంటి బరువు విషయానికొస్తే, ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల మేర భారం తగ్గుతుందని కొలిచి చూపించారు. పైగా కొవ్వు ఊరికే మోయాల్సిన బరువు మాత్రమే కాదు. లెప్టిన్ లాంటి రసాయనాల్ని రక్తంలోకి వదులుతుంది. లావుగా ఉన్నవాళ్లకి చేతివేళ్ల కీళ్లలో కూడా ఈ జబ్బు ఎక్కువ. వేళ్ల మీద మనం నడవం కదా.

గుజ్జులో నరాలు లేవని చెప్పాను. అంచేత నొప్పి పుట్టేది గుజ్జులో కాదు. కింద ఎముకలో, కీలుని కప్పిన పొరలో, చుట్టూ ఉన్న స్నాయువుల్లో, కండరాల్లో. ఎక్స్‌రేలో సందు బాగా తగ్గినా కొందరు హాయిగా తిరుగుతారు, సందు బాగానే ఉన్నా కొందరు విలవిల్లాడతారు. స్క్రీన్ మీద ఎడమవైపున్నది ఆస్టియో ఆర్థరైటిస్ వచ్చిన మోకాలి ఎక్స్‌రే. ఎక్స్‌రేలో గుజ్జు కనపడదు, రెండెముకల మధ్య ఖాళీగా కనిపించే చోటే గుజ్జుండే చోటు. లోపలివైపు ఆ సందు సన్నబడింది, బయటివైపు బాగానే ఉంది. సందు తగ్గిన చోట ఎముక మరింత తెల్లగా, గట్టిపడి ఉంది. అంచుల్లో చిన్న ముల్లుల్లా పెరిగిన ఎముక కనిపిస్తోంది. ఈ బొమ్మ మరిచిపోకండి, కాసేపట్లో రెండోది చూపిస్తాను.

మందుల సంగతి సూటిగా చెప్తాను. గుజ్జు పెంచుతామని అమ్మే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రల మీద అమెరికాలో 1,583 మందితో ఒక పెద్ద పరీక్ష జరిగింది, 2006లో ఫలితం వచ్చింది. మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే నొప్పిని చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు. నోట్లో వేసుకున్నది కడుపులో అరిగి, రక్తనాళమే లేని చోట సరిగ్గా కూర్చుని అగ్రికాన్‌గా మారాలంటే ఎంత దూరముందో ఇప్పుడు మీకు తెలుసు. ఎంజైముల్నే ఆపుదామని కంపెనీలు ప్రయత్నించాయి. ఎంఎంపీ-13నీ, దాని కుటుంబంలోని మిగతా ఎంఎంపీలన్నిటినీ కలిపి అడ్డుకునే మందులు వేరే జబ్బులకి ఇచ్చి చూస్తే కీళ్లు బిగుసుకుపోయి నొప్పులొచ్చాయి, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న కణజాలానికీ ఆ కోత కొంత కావాలి. అడామ్‌ట్స్-5ను అడ్డుకునే మాత్ర మనుషుల మీద పరీక్షలో గుజ్జు నష్టాన్ని ఆపలేకపోయిందని 2020లో ప్రకటించారు. ఎలుకలో గెలిచింది మనిషిలో గెలవలేదు. ఇవాళ్టికి ఆస్టియో ఆర్థరైటిస్‌లో గుజ్జు నష్టాన్ని ఆపే మందంటూ ఆమోదం పొందింది లేదు.

పనికొచ్చేది తొడ ముందు కండకి బలం. కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక కాలు ముందుకి చాపండి. మోకాలు పూర్తిగా చాపాక తొడ బిగించి అయిదు లెక్కపెట్టేదాకా అలా ఉంచి మెల్లగా దించండి. తర్వాత రెండో కాలు. కాలు కిందికి వదిలేయకూడదు, దించేటప్పుడు కూడా కండ పనిచేయాలి. రోజూ చేస్తూ, రోజూ చదును నేల మీద నడుస్తూ, కత్తిపీటనీ గిన్నెలు తోమే పనినీ నేల మీంచి గట్టు మీదికి మార్చుకుంటే నొప్పి తగ్గుతుంది. ఇది ఎన్నో పరీక్షల్లో తేలిన సంగతి. మొదటి వారాల్లో కాస్త నొప్పెట్టినా గుజ్జు తరిగిపోతోందని భయపడి ఆపేయకండి. ఇవన్నీ దాటిపోయి రాత్రిళ్లు నిద్ర కూడా పట్టని స్థితికి వస్తే అప్పుడు కీలు మార్పిడి గురించి డాక్టరు చెప్తారు.

ఇప్పుడు రెండో జబ్బు. నరసాపురం వైపు లేసు అల్లే ఒకావిడ ఉంది, నాకు వరసకి వదిన. నలభై లోపు వయసు. ఒకరోజు ఫోన్ చేసి, "ఏంటోనండి మరిదిగారూ, పొద్దున్న లేస్తానే పిడికిలి పడట్లేదు. సూది పట్టుకుందామంటే వేళ్లు మాట వినట్లేదు. పదిన్నరయితే గానీ దారికి రావట్లేదు" అంది. లేసు పని ఎక్కువై గుజ్జు అరిగిందని ఎవరో చెప్పారట. వెళ్లి చూస్తే, వేళ్లు అరచేతిని కలిసే మెటికలు ఉబ్బి, మెత్తగా, వేడిగా ఉన్నాయి. రెండు చేతులకీ ఒకే తీరు. గోళ్ల దగ్గరి కణుపులు మాత్రం మామూలుగా ఉన్నాయి. ఆస్టియో ఆర్థరైటిస్ అయితే తరచూ ఆ గోటి దగ్గరి కణుపుల్లోనే గట్టిగా బుడిపెలు కడుతుంది, పొద్దుటి బిగువు సాధారణంగా అరగంటలోపు వదులుతుంది. వదినకి గంటలు పడుతోంది. ఆయ్, ఇది ఎముకల డాక్టరు చూడాల్సింది కాదు వదినా, కీళ్లవాతం చూసే డాక్టరు, అంటే రుమటాలజిస్టు దగ్గరికి వెళ్దాం పద అన్నాను.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ నూటికి ఒకరికంటే తక్కువమందికి వస్తుంది, మగవాళ్లకంటే ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇది కీలులో మొదలయ్యే జబ్బు కాదు, రోగనిరోధక వ్యవస్థది. మన ప్రొటీన్లలో ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. దాన్ని సిట్రులిన్‌గా మార్చే ఎంజైములు మనలోనే ఉన్నాయి. సిగరెట్టు పొగ తగిలిన ఊపిరితిత్తుల్లో, జబ్బు చేసిన చిగుళ్లలో ఆ మార్పు ఎక్కువగా జరుగుతుంది. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 అనే జన్యువులో కొన్ని రకాలు ఉన్నవాళ్లలో, మారిన ప్రొటీన్లని శరీరం పరాయివిగా లెక్కేసి వాటిమీద ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. డాక్టరు రాసే యాంటీ సీసీపీ పరీక్ష వెతికేది వీటినే. నొప్పి మొదలవడానికి ఏళ్ల ముందే ఇవి రక్తంలో ఉండొచ్చు.

తర్వాత దెబ్బ కీలు లోపలి పొర మీద పడుతుంది. మామూలుగా ఒకటి రెండు వరసల కణాలతో ఉండే ఆ పలుచని పొర తెల్లరక్తకణాలతో నిండి, కొత్త రక్తనాళాలు మొలిచి, మందంగా తయారవుతుంది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతాలు అక్కడ పొంగిపొర్లుతాయి. ఉబ్బిన పొర గుజ్జు అంచుల మీదికి పాకుతుంది. దాన్ని పానస్ అంటారు. అందులోని ఫైబ్రోబ్లాస్టు కణాలు గుజ్జుని అంటుకుని ఇందాక చెప్పిన ఎంఎంపీల్నే వదిలి కరిగిస్తూ లోపలికి పోతాయి. అదే సంకేతాలు గుజ్జులోని సొంత కణాలకి చేరి, అవి కూడా కత్తిరించడం మొదలుపెడతాయి. అటు ఎముకని తినే ఆస్టియోక్లాస్టులు కూడా మేలుకుని, గుజ్జు కప్పు లేని అంచుల దగ్గర ఎముకని గుంటలు చేస్తాయి.

స్క్రీన్ మీద కుడివైపు బొమ్మ చూడండి, రుమటాయిడ్ వచ్చిన చెయ్యి. మెటికల దగ్గర సందు అన్నివైపులా ఒకేలా తగ్గింది. కీలు పక్క ఎముక గట్టిపడలేదు, పలుచబడి నల్లగా కనిపిస్తోంది. అంచుల్లో కొరికినట్టు గుంటలున్నాయి. మోకాలి బొమ్మలో ఎముక పెరిగింది, ఇక్కడ ఎముక పోతోంది. తెగుతున్న గుజ్జు రెండిట్లో ఒకటే, తెగ్గొట్టేవాళ్లు వేరు.

అందుకే ఇక్కడ మందులున్నాయి. దాడి చేసే సైన్యం రక్తంలోంచి వస్తుంది కాబట్టి మాత్ర, ఇంజెక్షను దాన్ని అందుకోగలవు. టీఎన్‌ఎఫ్‌ను ఒక్కదాన్నే అడ్డుకుంటే మిగతా సంకేతాలు కూడా తగ్గుతాయని లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ పట్టుకున్నారు. మైనీ లుధియానాలో పుట్టినవారు. 1992లో వాళ్లు మొదటిసారి రోగులకి ఆ మందు ఇచ్చారు. అది ఖరీదైన దారి. ఆ మందు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి, లోపల నిద్రపోతున్న టీబీ లేచే ప్రమాదముంది.

ఆ మందుకంటే ముందు, ఇవాళ్టికీ మొట్టమొదట రాసేది మెథోట్రెక్సేట్. చాలా చవకైన మాత్ర. దీని వెనకున్నది మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. తర్వాత దానికి ఎదురు పనిచేసే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947లో రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకి అమినాప్టెరిన్ ఇచ్చారు. సుబ్బారావుగారు 1948లో కన్నుమూశారు. 1951లో కీళ్లవాతానికి కూడా అమినాప్టెరిన్ పనిచేస్తోందని ఇంకో డాక్టరు గమనించారు. రుమటాయిడ్‌కి మెథోట్రెక్సేట్‌ను అమెరికా అధికారికంగా ఆమోదించేసరికి 1988 వచ్చింది. క్యాన్సర్‌కి ఇచ్చే మోతాదుకి ఇక్కడ ఇచ్చేది చాలా తక్కువ. ఈ మోతాదులో అది కణాల్ని చంపడం కంటే అడినోసిన్ అనే వాపు తగ్గించే రసాయనాన్ని పెంచి పనిచేస్తుందని అనుకుంటున్నారు. దుష్ప్రభావాలు తగ్గడానికి తోడుగా ఇచ్చేది ఫోలిక్ యాసిడ్. రెండు మాత్రలూ ఆయన బృందం చేతిలోంచి వచ్చినవే. భీమవరం నుంచి నరసాపురం ఎంత దూరమో మనకి తెలుసు. ఆ నేల మీద పుట్టినాయన మందు ఇవాళ మా వదిన వేళ్లకి సూది తిరిగిచ్చిందంటే నాకు గర్వంగా ఉంటుంది.

కానీ ఇది టైమ్‌కి అందాలి. చాలామందిలో ఎముక అంచుల్లో గుంటలు మొదటి రెండేళ్లలోనే పడతాయి. మొదటి కొన్ని నెలల్లో మందు మొదలైతే జబ్బు పూర్తిగా అణిగే అవకాశం బాగా ఎక్కువ. ఆ నెలల్లోనే మన దగ్గర ఏం జరుగుతోంది? నొప్పికి ఒక ఇంజెక్షను, పేరు లేని పొట్లం మాత్రలు. మూడో రోజుకి మనిషి లేచి తిరుగుతుంది, ఆహా అద్భుతమైన మందు అంటుంది. అలాంటి పొట్లాల్లో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. స్టెరాయిడ్ చెడ్డది కాదు. కార్టిసోన్ కనిపెట్టి కీళ్లవాతానికి వాడినందుకు 1950లో నోబెల్ ఇచ్చారు. ఇవాళ్టికీ డాక్టర్లు మొదటి వారాల్లో తక్కువ మోతాదులో వాడి ఆపేస్తారు. చెప్పకుండా, కొలత లేకుండా, ఏళ్ల తరబడి ఇవ్వడమే దారుణం. ఎముక గుల్లవుతుంది, షుగర్ వస్తుంది, ముఖం ఉబ్బుతుంది, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది. ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు ఈ వీడియో చూసి మీకు మీరే ఆపేయకండి, డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించుకోవాలి.

మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి ఒక ముఖ్యమైన జాగ్రత్త. కీళ్లవాతానికి ఈ మాత్ర వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణాలు పోతాయి, అలా పోయిన సందర్భాలున్నాయి. చీటీ మీద డాక్టరు చేతే వారం పేరు తెలుగులో రాయించుకోండి, ఆదివారమైతే ఆదివారమని. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఏ రోజున వేసుకోవాలో పక్కనే రాయించుకోండి. రెండూ పసుపురంగులో చిన్నగా ఉంటే తారుమారవుతాయి, వేరువేరు డబ్బాల్లో పెట్టండి. చెప్పిన గడువుల్లో లివర్‌కి, రక్తకణాలకి పరీక్ష చేయించుకోవాలి. మద్యం తాగే అలవాటుంటే డాక్టరు దగ్గర దాచకూడదు. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందే చెప్పాలి, గర్భంతో ఉన్నప్పుడు ఈ మాత్ర అసలు పనికిరాదు. జ్వరమో, నోట్లో పుళ్లో, ఆగని దగ్గో వస్తే తర్వాతి మోతాదు వేసుకోకముందే డాక్టరుకి ఫోన్ చేయండి.

వచ్చే వీడియోలో బొటనవేలి వాపు, యూరిక్ యాసిడ్ గురించి మాట్లాడదాం. ఉంటానండి.